పోటీలకు దిగితే గాలం ఖర్చు తిరిగొస్తుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా సెలవు రోజుల్లో గట్టు మీద నుంచి గాలం వేస్తున్నాను. రెండు కర్రలు, రెండు రీళ్లు, ఒక పెట్టెడు లూర్లు (నకిలీ ఎరలు), ఇదే నా సామాను. ఈమధ్య ఒక స్నేహితుడు పాత బోటు ఒకటి చెరిసగం పెట్టి కొందాం అంటున్నాడు. పోటీలకు వెళ్లి రెండుసార్లు బహుమతి కొడితే బోటు డబ్బులు వచ్చేస్తాయట. ఇంట్లో చెబితే, "మూడేళ్లలో ఈ సరదాకి ఎంత పెట్టావో ముందు చెప్పు, తర్వాత బోటు సంగతి చూద్దాం" అంది మా ఆవిడ. చెప్పలేకపోయాను. ఎప్పుడూ రాసుకోలేదు.

సందేహాలు మూడు. సరదాకి చేపలు పట్టేవాడికి అసలు ఖర్చు ఎక్కడ అవుతుంది? పోటీల్లో పెట్టిన డబ్బు తిరిగి రావడం మామూలుగా జరిగేదేనా? నీళ్ల అడుగున లూర్లు చిక్కుకుని పోవడం నాకు మరీ ఎక్కువ, అది తగ్గే మార్గం ఉందా? బోటు అమ్మే ఆయన వారమే గడువు ఇచ్చాడు, అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మొదటి జవాబు

తమ్ముడూ, నేను పద్దెనిమిదేళ్లుగా గాలం వేస్తున్నాను, అందులో ఆరేళ్లు పోటీలకూ తిరిగాను. మొదట్లో నేనూ ఖర్చంటే రీలు, కర్ర అనుకునేవాణ్ణి. ఒక ఏడాది పట్టుబట్టి, ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే చిన్న నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఏడాది చివర కూడితే రీళ్లు, కర్రలు మూడో స్థానంలో ఉన్నాయి. మొదటిది పెట్రోలు. రెండోది చిల్లర సామాను: ముళ్లు, సీసపు గుండ్లు, స్వివెళ్లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లంకెలు), లీడర్ దారం (ముల్లుకు ముందు కట్టే ముక్క), బయల్దేరే ముందు హడావిడిగా కొన్న ఎర. ఒక్కొక్కటి తక్కువే కాబట్టి గుర్తుండవు. మంచి కర్ర పదేళ్లు వస్తుంది, దాని ధరను పదితో భాగిస్తే ఏడాదికి పడేది చాలా తక్కువ. కానీ ఆ ధర మాత్రం మనకు కంఠతా వచ్చేస్తుంది. నలభైసార్లు పోయించిన పెట్రోలు ఎవరికి గుర్తుంటుంది?

రాసుకోకపోయినా నీ లెక్క ఇప్పటికీ తేలుతుంది. ఫోన్‌లో చేపల ఫొటోల తేదీలు చూడు, ఎన్నిసార్లు వెళ్లావో తెలిసిపోతుంది. చేప పడని రోజులకు ఫొటోలు ఉండవు, వాటిని కూడా నిజాయితీగా కలుపుకో. రానూపోనూ దూరం, బండి మైలేజీ నీకు తెలుసు. దానికి పర్మిట్ రుసుము, చిల్లర సామాను, కర్రా రీళ్ల ఏడాది వాటా కలుపు. మొత్తాన్ని వెళ్లిన సార్లతో భాగించి, ఒక్కసారి వెళ్తే ఎంత అవుతుందో తియ్యి. ఇంట్లో చెప్పాల్సిన అంకె అదే.

ఇక బోటు. కొన్న ధర మొదటి వాయిదా లాంటిదే అనుకో. ధరలో పదో వంతు ఏటా నిర్వహణకు పక్కన పెట్టాలని బోటు ఉన్నవాళ్లు మోటు లెక్క చెబుతారు. పాత బోటుకి అది కూడా చాలకపోవచ్చు. నేను కొన్న పాత బోటు చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నాలుగో నెలలో ఇంజన్ బిగించే వెనక చెక్క లోపల కుళ్లిందని తెలిసింది, తర్వాత ట్రైలర్ బేరింగులు పోయాయి. ఖర్చు తడిసి మోపెడయింది. అందుకే డబ్బు ఇచ్చే ముందు మూడు పనులు చెయ్యి. వెనక చెక్కను సుత్తి పిడితో తట్టి చూడు, గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. ఇంజన్‌కి మెకానిక్ చేత కంప్రెషన్ పరీక్ష (సిలిండర్‌లో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూడటం) చేయించు. ట్రైలర్ చక్రం ఎత్తి చేత్తో తిప్పు. బోటు దించినప్పుడల్లా ఆ చక్రాలు నీళ్లలో మునుగుతాయి, గ్రీజులోకి నీళ్లు చేరితే బేరింగు తుప్పు పడుతుంది, తిప్పగానే గరగరమని చెప్పేస్తుంది. వారం గడువు పేరుతో ఇవి చూడనివ్వకపోతే ఆ బోటు వదిలెయ్యి.

చెరిసగం అన్నారు కాబట్టి ఇంకో మాట. ఇంజన్ పోతే ఎవరు పెట్టాలి, ఒకడు తప్పుకుంటే వాటా ఎంతకి కొనాలి, ఇవి ముందే కాగితం మీద పెట్టండి. స్నేహం నిలవాలంటే అదే దారి.

ప్రశ్న వేసినవారు

అన్నా, చాలా థాంక్స్. ఫొటోలు చూస్తే 64 రోజులు తేలాయి, ఉత్త చేతుల రోజులు కలిపితే తొంభై దాకా ఉంటాయి. పోటీల లెక్క కూడా ఇలాగే విడమరిచి చెప్తారా? గెలిచినవాళ్ల ఫొటోలు చూస్తుంటే ఆశ పుడుతోంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆశ పడటంలో తప్పేం లేదు. అంకెలు చూసి ఆశ పడు.

యాభై జట్ల పోటీ అనుకుందాం. ప్రవేశ రుసుము జట్టుకి 100 అనుకో, మొత్తం 5,000. నిర్వాహకులు ఖర్చులకు ఐదో వంతు ఉంచుకుంటే పంచేది 4,000. పది స్థానాలకు ఇస్తారనుకో: మొదటివాళ్లకి 1,500, తర్వాత 800, 500, 300, 250, ఆరు నుంచి పది దాకా తలా 130. మిగతా నలభై జట్లకు సున్నా. పదో స్థానంలో వచ్చిన జట్టుకి రుసుము పోను మిగిలేది 30, అదీ ఇద్దరూ పంచుకోవాలి. ఆ రోజు పెట్రోలుకి కూడా సరిపోదు. సగటున చూస్తే 100 కట్టిన జట్టుకి 80 తిరిగొస్తుంది. ఆ సగటు కూడా కొత్తవాళ్లకు అందదు, ఎందుకంటే ఆ నీళ్లను ఏళ్లతరబడి ఎరిగిన ఐదారు జట్లే ప్రతిసారీ పైన ఉంటాయి.

నన్ను బాగా దెబ్బతీసింది ప్రాక్టీసు. పోటీ ఒక్క రోజే. కానీ చేపలు ఎక్కడున్నాయో వెతకడానికి ముందు రెండు రోజులు బోటు తిప్పాలి. పెట్రోలు, బస, తిండి, సెలవు, అన్నీ మూడింతలు. మొదటి ఏడాది రుసుము మాత్రమే లెక్కలో పెట్టుకుని ఏడు పోటీలకు పేరిచ్చాను. ఒక్కదాంట్లో ఎనిమిదో స్థానం వచ్చింది, మిగతా ఆరింటికీ చేతి డబ్బు వదిలింది.

పేరిచ్చే ముందు నిబంధనల కాగితం పూర్తిగా చదువు. వసూలైన దాంట్లో ఎంత శాతం పంచుతారు, ఎన్ని జట్లకు ఒక బహుమతి స్థానం, అతిపెద్ద చేప పందేనికి విడిగా కట్టాలా, తూకానికి ఆలస్యమైతే కోత ఎంత, చేప చనిపోతే కోత ఎంత. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. బతికున్న చేపనే తూచి వదిలే పోటీల్లో చచ్చిన ప్రతి చేపకీ బరువు తగ్గిస్తారు. నా బోటు తొట్టెలో గాలి పంపు మధ్యాహ్నం ఆగిపోయింది, రెండు చేపలు వెల్లకిలా పడ్డాయి. ఆ కోతతో పదకొండో స్థానానికి పడిపోయాను. బహుమతులు ఇచ్చింది పది స్థానాలకే. అంతకంటే, చూస్తుండగానే ఆ చేపలు పోవడం ఈరోజుకీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు విడి పంపు లేకుండా బోటు ఎక్కను.

రెండో జవాబు

మీ మూడో సందేహానికి నేను చెప్తాను, లూర్లు పోగొట్టుకోవడంలో నాకు అనుభవం ఎక్కువ.

చిక్కుకోగానే కర్ర వంచి గుంజకండి, ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది, కర్ర కొస విరుగుతుంది. దారం కాస్త బిగువుగా పట్టి విల్లు తీగలా లాగి వదలండి, రెండు మూడుసార్లకు చాలావరకు ఊడుతుంది. లేకపోతే లూరు వెళ్లిన దిక్కుకి ఎదురుగా నడిచి అటునుంచి లాగండి. అప్పటికీ రాకపోతే కర్రను దారానికి సూటిగా పట్టి, స్పూలును (రీలులో దారం చుట్టి ఉండే చక్రం) చేత్తో ఆపి వెనక్కి నడవండి. అల్లిన దారాన్ని అరచేతికి మాత్రం చుట్టుకోవద్దు, కత్తిలా కోస్తుంది. నా చూపుడు వేలి మీద ఆ గీత ఇంకా ఉంది.

అడుగు ఎర వేసేటప్పుడు సీసపు గుండును అసలు దారానికి నేరుగా కట్టకండి. దానికంటే సన్నని నైలాన్ ముక్కతో విడిగా కట్టండి. రాళ్లలో ఇరుక్కునేది ఎక్కువగా గుండే. సన్న ముక్క తెగి గుండు ఒక్కటే పోతుంది, ముల్లు, లీడరు, ఒక్కోసారి చేప కూడా మీకు దక్కుతాయి. ఖరీదైన లూర్లకు సన్న తీగ ముళ్లు మార్చండి, గట్టిగా లాగితే ముల్లు సాగి లూరు బయటికొస్తుంది.

దారం ఖర్చు కూడా తగ్గించుకోవచ్చు. స్పూలు మొత్తం అల్లిన దారం నింపక్కర్లేదు. అడుగున చవక నైలాన్ చుట్టి, మీరు విసిరే దూరానికి రెట్టింపు మాత్రమే పైన అల్లిన దారం చుట్టండి. పైకొస నూగు లేచాక ఆ దారాన్ని తిరగేసి చుట్టుకుంటే, ఇన్నాళ్లూ లోపల ఉన్న కొత్త భాగం పైకి వస్తుంది.

మూడో జవాబు

పెద్ద బహుమతుల గురించి కూడా ఒక మాట. ఆ వార్తలు నిజమే. అమెరికాలో బాస్ చేపల పోటీల్లో పెద్దదైన బాస్‌మాస్టర్ క్లాసిక్ 1971లో లేక్ మీడ్‌లో మొదలైనప్పుడు విజేతకి 10,000 డాలర్లు ఇచ్చారు. ఇటీవలి ఏళ్లలో అది 3 లక్షల డాలర్లకు చేరింది. రిక్ క్లన్ అనే పోటీదారు ఆ క్లాసిక్‌ను నాలుగుసార్లు గెలిచి, 2019లో 72 ఏళ్ల వయసులో కూడా ఎలీట్ స్థాయి (అక్కడి పై స్థాయి) పోటీ గెలిచాడు. అలా నిలబడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ స్థాయిలో ఒక సీజన్ ప్రవేశ రుసుములే పదుల వేల డాలర్లు అవుతాయి, అందుకే అక్కడివాళ్లు స్పాన్సర్లు లేకుండా నెగ్గుకురాలేరు.

సముద్రపు పోటీల్లో ఇంకా పెద్ద మొత్తాలు ఉంటాయి, వాటితోపాటే పెద్ద నష్టాలూ. 2023లో నార్త్ కరోలినాలో జరిగిన బిగ్ రాక్ పోటీలో ఒక బోటువాళ్లు ఆరు గంటలకు పైగా పోరాడి 619.4 పౌండ్ల, అంటే దాదాపు 281 కిలోల బ్లూ మార్లిన్ అనే సముద్రపు చేపను తెచ్చారు. చేప మీద సొర కొరికిన గాయం ఉందని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. దాదాపు 35 లక్షల డాలర్ల బహుమతి అలా పోయింది. 484.5 పౌండ్ల చేప తెచ్చినవాళ్లు గెలిచారు. 2016లో మేరీల్యాండ్‌లో జరిగే వైట్ మార్లిన్ ఓపెన్‌లో అయితే 28 లక్షల డాలర్లు గెలిచిన ఆయన, విజేతలకు పెట్టే లై డిటెక్టర్ పరీక్షలో తప్పాడు. కేసు కోర్టుకు వెళ్లి, సొమ్ము మిగతా విజేతలకు పోయింది.

2022లో అమెరికాలోని లేక్ ఈరీ దగ్గర ఒక పోటీలో జరిగిన మోసం చాలామంది వీడియోలో చూసే ఉంటారు. చేప సైజుకి తూకానికి పొంతన లేదని అనుమానం వచ్చి పొట్ట కోస్తే సీసపు గుండ్లు బయటపడ్డాయి. ఆ చేపలు తెచ్చిన జట్టులోని ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, పది రోజుల జైలు పడింది, బోటు కూడా వదులుకున్నారు. చిన్న పోటీ అయినా తూకం అందరి ముందు వేస్తారా, ఫిర్యాదు ఎలా తీసుకుంటారు అని అడిగి తెలుసుకోండి. రుసుము కట్టేవాళ్లకు అది అడిగే హక్కుంది.

నాలుగో జవాబు

నాకు గాలం వల్ల నెలనెలా కొంత వస్తోంది, కానీ ఒక్క పైసా కూడా బహుమతిది కాదు. రీళ్లు బాగుచేస్తాను, కొత్తగా నేర్చుకునేవాళ్లను వెంట తీసుకెళ్తాను. నేర్పడానికి వెళ్లిన రోజు నేను గాలం వెయ్యను, ఆ ఒక్క రూలు పెట్టుకున్నాకే జనం మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. డబ్బు తీసుకుని వెంట తీసుకెళ్లాలంటే చాలాచోట్ల విడిగా లైసెన్సు, ఇన్సూరెన్సు కావాలి. పట్టిన చేపలు అమ్ముదామనుకుంటే ఇంకా జాగ్రత్త, సరదా పర్మిట్ మీద పట్టినవి అమ్మడం చాలాచోట్ల నేరం. బహుమతి సొమ్ము మీద పన్ను కూడా చూసుకోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. లెక్క కూర్చోబెట్టి ఇంట్లో చూపించాను. పెట్రోలే సగం దగ్గర ఉంది. మా ఆవిడ తిట్టలేదు, "ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది" అంది. నిన్న బోటు దగ్గరికి వెళ్లి వెనక చెక్క తట్టాను, ఎడమవైపు జానెడు మేర మొద్దుగా మోగింది. వద్దని చెప్పేశాం. ఈ సీజన్‌కి గట్టు మీద జరిగే రెండు పోటీలకే పేరిస్తున్నాం. బహుమతి సున్నా అనుకుని ఆ ఖర్చు ముందే పక్కన పెట్టాను. చివరగా ఒక్కటి: నా పాత రీలు డ్రాగ్ (దారాన్ని కొంచెం బిగువుతో వదిలే బ్రేకు) చేప పరుగెత్తినప్పుడు సాఫీగా వదలకుండా కుదుపులు ఇస్తోంది. కొత్తది కొనాలా?

నాలుగో జవాబు ఇచ్చినవారు

వద్దు, కొనకండి. డ్రాగ్ బిగించి ఉంచి నెలలతరబడి మూల పెడితే లోపలి వాషర్లు నొక్కుకుపోయి అలాగే చేస్తాయి. స్పూలు పైన ఉన్న మర పూర్తిగా విప్పండి, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసుకుని ఒక్కొక్కటీ బయటికి తియ్యండి. మెత్తని గుడ్డతో తుడిచి, డ్రాగ్ గ్రీజు పల్చగా రాసి అదే వరసలో పెట్టండి. వాషర్ అంచులు చిరిగి ఉంటే ఆ ఒక్కటే మారిస్తే చాలు. ఇకనుంచి ఇంటికి రాగానే డ్రాగ్ వదులు చేసి పెట్టండి.