మడమ వెనక నొప్పి ఏడాదిగా తగ్గట్లేదు, డాక్టరేమో "టెన్షన్ తగ్గించుకోండి" అంటున్నారు

నడక_బంద్:
ఎడమ కాలి అకిలీస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడు లాంటిది) దగ్గర నొప్పి, ఏడాది దాటింది. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులు నరకం, బాత్రూమ్ దాకా గోడ పట్టుకునే వెళ్తాను. ఎంఆర్ఐ రిపోర్టులో 'పార్షియల్ టియర్', అంటే కొంత చిరిగింది, అని చదివినప్పటి నుంచి ఎక్కడ పుటుక్కున తెగిపోతుందో అని భయం, కేబీఆర్ పార్కులో నడక మానేశా, ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టే. మొన్న చూపించుకున్న డాక్టర్ నిద్ర పడుతోందా, ఆఫీసులో ఒత్తిడి ఉందా అని అడిగి టెన్షన్ తగ్గించుకుంటే నొప్పీ తగ్గుతుందన్నారు. ఒళ్లు మండిపోయింది. నొప్పి కాలికైతే మనసుకి మందేంటి?

ఫిజియో_గుంటూరు:
మీ నొప్పి నిజమైనదే, కాల్లోనే ఉంది. ఆయన చెప్పిన తీరు బాలేదు గానీ అడిగినవి అడగాల్సిన ప్రశ్నలే. టెండన్ సమస్యల్లో తప్పక చూడాల్సిన అంశాలు ఐకాన్ 2019 పేరుతో అంతర్జాతీయ నిపుణులు 9 తేల్చారు, అందులో మానసిక స్థితి ఒకటి. మీ సంగతే చూడండి, భయపడి మెట్లు మానేశారు, దాంతో పిక్క బలం తగ్గింది, ఇప్పుడు కాస్త నడిచినా టెండన్ తట్టుకోలేదు, నొప్పి రాగానే "చూశావా, తెగబోతోంది" అనిపిస్తుంది, ఇంకొంచెం మానేస్తారు. నిద్ర చాలకపోతే అదే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అసలు నొప్పే లేనివాళ్లకి స్కాన్ తీసినా టెండన్‌లో తేడాలు కనిపిస్తుంటాయి, అకిలీస్ తెగినవాళ్లలో చాలామందికి అంతకుముందు అక్కడ నొప్పే ఉండదు. స్వీడన్‌లో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో వ్యాయామంతో పాటు పరుగు కూడా కొనసాగించిన వాళ్లు, పరుగు ఆపినవాళ్ల కంటే వెనకబడలేదు. వాళ్లు పెట్టుకున్న లెక్క ఏంటంటే, పదికి ఐదు దాకా నొప్పి పర్లేదు, మర్నాటి పొద్దుటికి సర్దుకోవాలి. అయితే రిపోర్టు ఒకసారి ఫిజియోకి చూపించి మొదలుపెట్టండి.

మిషన్_అక్క:
నాది టెన్నిస్ ఎల్బో, అదీ టెండన్ నొప్పే, మోచేతి దగ్గర. జన్మలో బ్యాట్ పట్టింది లేదు, కుట్టుమిషన్ పుణ్యం. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలప్పుడు ఎంత పెరిగిందంటే టీ గ్లాసు ఎత్తినా మోచెయ్యి జివ్వుమనేది. ఫిజియోథెరపీ అమ్మాయి "మీకు ఏది ఎత్తాలంటే భయం?" అని అడిగితే గ్రైండర్ గిన్నె అన్నా, పిండితో కాదు, ఖాళీదే. ముందు నీళ్ల సీసా, తర్వాత ఖాళీ కుక్కర్, అలా అలా చివరికి గిన్నె ఎత్తించింది. ఇప్పటికీ బ్లౌజులు ఎక్కువైతే లాగుతుంది తమ్ముడూ, కానీ చెయ్యి పోతుందన్న బెంగ లేదు.

సందేహం_గాడు:
అంతా మనసు మీదకి తోసేయకండి సర్. భయం ఉన్నవాళ్లకి ఇబ్బంది ఎక్కువని కొన్ని అధ్యయనాలు అంటాయి, నిజమే, కానీ ఏడాది నొప్పి పడితే ఎవరికి మాత్రం భయం వేయదు? ఏది ముందో ఏది వెనకో ఇంకా తేలలేదు. షుగర్ చూపించుకున్నారా? సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్ ఏమైనా వాడారా? వాటివల్లా టెండన్లు దెబ్బతింటాయి.

ఫిజియో_గుంటూరు:
ఒప్పుకుంటా, షుగర్ ముందు చూపించుకోండి. ఏది ముందైనా భయం మాత్రం తియ్యాల్సిందే, ఆ భయంతోనే చాలామంది వ్యాయామం సగంలో వదిలేస్తారు. మూడు నెలలైనా ఓపిక పట్టాలి దీనికి.

నడక_బంద్:
యాంటీబయోటిక్ ఏదీ వాడలేదు, షుగర్ టెస్టు శనివారం. రిపోర్టు ఫిజియోకి చూపించా, మొదలుపెట్టమన్నారు. ఇందాక వంటింటి గట్టు పట్టుకుని రెండు కాళ్ల మీదా మడమలు ఎత్తి దించా, నొప్పి మూడు దాకా వచ్చింది. మెట్టు అంచున నిలబడి చేయొచ్చా?

ఫిజియో_గుంటూరు:
నొప్పి సరిగ్గా మడమ ఎముకని ఆనుకునే ఉంటే మెట్టు వద్దు, నేల మీదే చేయండి. ఇంకాస్త పైన అయితే మెట్టు మీద పర్లేదు. షూ వేసుకుని చేయండి.