‘ప్రమాదం తప్పింది’ అంటే తప్పు తప్పినట్టేనా?

‘పెను ప్రమాదం తప్పింది.’ విమానం దిగే దారిలో డ్రోన్ కనబడినా, పక్షి తగిలి విమానం వెనక్కి తిరిగినా మన పేపర్లలో ఇదే శీర్షిక. కింద ‘ఫలానా వ్యక్తిపై కేసు’ అని కూడా ఉంటే చదివినవాళ్లకు వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: ప్రమాదమే జరగలేదు కదా, కేసెందుకు? తిరుపతిలో చదువుకున్నవాళ్లు కూడా ఇట్లా అడగడం విన్నాను. అడగడంలో తప్పులేదు. జరిగిపోయిన నష్టాన్నీ ప్రమాదమే అంటున్నాం, జరగబోయి ఆగినదాన్నీ ప్రమాదమే అంటున్నాం.

చట్టం ఈ రెంటినీ కలపదు. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి వచ్చింది. నేల మీదో, నీటి మీదో, గాలిలోనో ఉన్న మనుషులకు గానీ ఆస్తికి గానీ అపాయం కలిగేటట్టు కావాలని విమానం నడిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా కోటి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలోని మాట కొత్తదానిలోనూ అట్లే నిలిచింది. దెబ్బ తగలాలని, ఇల్లు కూలాలని అందులో ఎక్కడా లేదు. అపాయం కలిగించడంతోనే నేరం పూర్తయింది. ‘కావాలని’ అన్నది కూడా నడిపిన తీరుకు చెప్పిన మాట. ఎవరికో హాని చేయాలన్న కోరిక ఉండి తీరాలని కాదు.

ఇప్పుడు మాట దగ్గరికి వస్తాను. సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే దుర్ఘటన కాదు, ఏమరుపాటు. తైత్తిరీయ ఉపనిషత్తులో గురువు శిష్యుడికి ‘సత్యాన్న ప్రమదితవ్యమ్’ అని చెప్తాడు. సత్యం విషయంలో ఏమరవద్దని. ‘ప్రమాదో ధీమతామపి’ అనేది మన ఇళ్లలో ఇప్పటికీ వినబడే మాటే, ఎంత తెలివిగలవాడైనా ఒకచోట పొరబడతాడని. అంటే మొదట ఆ మాటలో మనిషి ఉన్నాడు, వాడి అజాగ్రత్త ఉంది. తెలుగులోకి వచ్చి, వాడగా వాడగా మనిషి జారిపోయి ఫలితం ఒక్కటే మిగిలింది. ‘ప్రమాదవశాత్తు’ చూడండి. పాత అర్థంలో ‘అజాగ్రత్త వల్ల’. ఇప్పుడు పేపర్లో చదివితే ‘ఎవరి తప్పూ లేకుండా’. నేరం మోపే మాట నేరం మాఫీ చేసే మాటగా మారిపోయింది. నాకు ఇది చిన్న విషయంగా తోచడం లేదు.

అందుకే నా మనవి: చట్టం గురించి రాసేటప్పుడు ముందున్న ముప్పుకు ‘అపాయం’, జరిగినదానికి ‘దుర్ఘటన’, మనిషి వైపు తప్పుకు ‘ఏమరుపాటు’ అని విడదీసి రాద్దాం.

ఇది చదివి చంద్రగిరి నుంచి ఒక అక్క: బాగుంది తమ్ముడూ. అయితే మా పక్క ‘ఏమారినాడు’ అంటే మోసపోయినాడని. ‘వాణ్ణి నమ్మి ఏమారిపోతిని’ అంటారు. తమిళంలోనూ అంతే కదా. నువ్వు ఏమరుపాటు అని రాస్తే చదివేవాళ్లు విమానం నడిపినాయన ఎవరి చేతిలోనో మోసపోయినాడనుకుంటే?

జవాబు: అక్కా, మంచి మాట పట్టుకున్నారు. మూలం ఒకటే: కనిపెట్టుకుని ఉండాల్సినప్పుడు ఉండకపోవడం. అట్లా ఉన్నవాడే మోసపోతాడు కాబట్టి మన చిత్తూరు వైపు ఆ అర్థం స్థిరపడింది. ‘ఏమరుపాటు’ అని నామవాచకంగా రాస్తే మాత్రం అజాగ్రత్త అనే అర్థమే ముందు వస్తుంది. ‘ఏమారి’ అని క్రియగా వాడకుండా ఉంటే చాలు.

పుత్తూరు నుంచి ఒక అన్న: పోలీసోళ్లు ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని రాస్తారే, అదే ఇక్కడా పెట్టుకోకూడదా? అందరికీ అర్థమవుతుంది.

జవాబు: రోడ్డుకు సరిపోతుందన్నా, ఆకాశానికి సరిపోదు. విమానానికి వేగమే ప్రాణం. వేగం మరీ తగ్గినా అపాయమే. అక్కడ చెప్పాల్సింది దుడుకుతనం. 1937 నాటి విమాన నియమాల్లో 21వది చూడండి: బాగా కిందికి రావడం వల్లనో, మనుషులకూ ఇళ్లకూ దగ్గరగా పోవడం వల్లనో, మరింకే కారణంతోనో ‘అనవసరమైన అపాయం’ కలిగించేటట్టు ఎగరకూడదని ఉంది. ‘అనవసరమైన’ అన్న మాట నాకు చాలా నచ్చింది. ఎగరడంలో కొంత అపాయం ఎట్లాగూ ఉంటుందని ఒప్పుకుని, దానికి మించి నెత్తికెత్తుకోవద్దంటున్నారు. పైగా ఇక్కడ ‘కావాలని’ లేదు. బ్రిటన్ నిబంధన అయితే ఇంకా తేటగా, తెగింపుతో గానీ నిర్లక్ష్యంతో గానీ అని రెండూ చెప్పేస్తుంది.

చంద్రగిరి అక్క: అంతా నడిపేవాళ్ల సంగతేనా? కిందున్నోళ్ల మాటేంది?

జవాబు: నాకు జాస్తి బాధగా ఉండేది అక్కడేనక్కా. రేణిగుంట వైపు సాయంత్రం చూడండి. కోడి అంగడి కట్టేసే వేళ ప్లాస్టిక్ టబ్బుతో ఈకలు, పేగులు తెచ్చి రోడ్డు పక్క గుంతలో బోర్లిస్తారు. టబ్బు ఖాళీ కాకముందే గద్దలు పైన తిరుగుతుంటాయి. ఆ కొంచెం దూరంలోనే విమానాలు దిగేది. విమానాశ్రయం నడిబొడ్డు నుంచి 10 కిలోమీటర్ల లోపల జంతువులను కోయడం, చెత్తా మురికీ వేయడం అవే 1937 నియమాల్లో 91వది నిషేధిస్తుంది. కబేళాకు ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప. ఆ అంగడి మనిషిని అడిగితే ‘నేనెప్పుడు విమానం జోలికి పోయినాను?’ అంటాడు. నిజమే, పోలేదు. ఆయనలో దురుద్దేశం లేదు. కానీ అపాయం ఆయన టబ్బు నుంచే మొదలవుతోంది. ఆయనకు ‘ప్రమాదం’ అని చెబితే కూలిన విమానం కళ్లముందుకొస్తుంది, అది తనకు సంబంధం లేదనిపిస్తుంది. ‘నీ చెత్తకు గద్దలొస్తాయి, గద్ద ఇంజిన్‌లో పడితే లోపలున్నోళ్ల ప్రాణం మీదికొస్తుంది’ అంటే తెలుస్తుంది. పెళ్లి వీడియోల డ్రోన్ పిల్లలకూ ఇట్లాగే చెప్పాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఎంత ఎత్తులో ఎగరేసినా ముందు అనుమతి కావాలని 2021 డ్రోన్ నియమాలు చెబుతున్నాయి.

పుత్తూరు అన్న: సరే, మరి విమాన దుర్ఘటనల విచారణ నివేదికల్లో ‘ప్రమాదం’ అనే ఉంటుందే. అదీ మార్చాలంటావా?

జవాబు: అక్కడ వద్దన్నా. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం ఆ విచారణ ఉద్దేశం మళ్లీ అట్లాంటిది జరగకుండా చూడటమే. తప్పు ఎవరిదని తేల్చడం, బాధ్యత మోపడం దాని పని కాదు. కాబట్టి తప్పు ఊసెత్తని మాటే అక్కడ కావాలి, ఇప్పటి అర్థంలో ‘ప్రమాదం’ సరిగ్గా కుదురుతుంది. కేసు, శిక్ష, పరిహారం గురించి రాసేటప్పుడే జాగ్రత్త. శీర్షిక కూడా ‘పెను ప్రమాదం తప్పింది’ బదులు ‘విమానాన్ని అపాయంలోకి నెట్టిన డ్రోన్, ఒకరిపై కేసు’ అని ఉంటే, కేసెందుకని ఎవరూ అడగరు.