ఉగాది సాయంత్రంలో బడ్జీ పాట: వాయించేవాళ్లంతా ఇక్కడ రాయండి

కార్యక్రమాల సమన్వయం

అందరికీ నమస్కారం. పిల్లల డ్యాన్సులు అయ్యాక, భోజనాలకు ముందు మన బ్యాండ్‌కి పదిహేను నిమిషాలు కేటాయించాం. ఈసారి నాదొక కోరిక. మనం ఉంటున్నది వేల్స్‌లోని కార్డిఫ్‌లో. 1967లో ఈ ఊళ్లోనే పుట్టిన బడ్జీ అనే హెవీ రాక్ బ్యాండ్ పాట ఒక్కటైనా మన స్టేజీ మీద వినిపించాలి. వాళ్ల పేరు మనవాళ్లలో చాలామందికి తెలియదు. అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా అంటే మాత్రం కాలేజీ పిల్లలంతా తల ఊపుతారు. ఆ మెటాలికా బడ్జీ పాటలు రెండు రికార్డు చేసింది: 1987లో 'క్రాష్ కోర్స్ ఇన్ బ్రెయిన్ సర్జరీ', మరుసటి ఏడాది 'బ్రెడ్‌ఫ్యాన్'. ఇంగ్లండ్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ కూడా 1992లో బడ్జీ పాట ఒకటి చేసింది. పెద్ద పేరున్న బ్యాండ్లు వెతుక్కుంటూ వచ్చిన సంగీతం మన వీధుల్లోంచి వెళ్లిందే. ఏ పాట వాయిద్దామో మీరే తేల్చండి.

గిటార్

అక్కా, ఇందులో ఆలోచించడానికి ఏముంది? బ్రెడ్‌ఫ్యానే. ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) మొదలైతే హాల్లో ఎవరూ ఫోన్ చూసుకోరు. బడ్జీ గిటారిస్టు టోనీ బోర్జ్ వాయించిన తీరులో నాకు నచ్చేది ఒకటుంది. ఎంత వేగంగా వెళ్లినా ప్రతి స్వరం విడిగా వినిపిస్తుంది. పాట మధ్యలో ఒక్కసారిగా నెమ్మదించి మళ్లీ రిఫ్‌లోకి వస్తారు. ఆ తిరిగి రావడం కోసమైనా ఈ పాట వాయించాలి. మెటాలికా వెర్షన్ కాదు, 1973 నాటి అసలుదే నేర్చుకుందాం. అందులో ఊపిరి ఎక్కువ.

బేస్

నేనైతే బేస్ గిటార్ వాయించే బర్క్ షెల్లీ కోసమే ఈ బ్యాండ్ వింటాను. ముగ్గురే మనుషులు. గిటార్ సోలోకి వెళ్తే వెనక రిథమ్ పట్టుకోవడానికి ఇంకో గిటార్ లేదు. ఆ ఖాళీ మొత్తం బేస్ మీదే పడుతుంది, పైగా పాడేదీ ఆయనే. కెనడా బ్యాండ్ రష్‌లో పాడుతూ బేస్ వాయించే గెడ్డీ లీ గురించి అందరూ ఇదే చెబుతారు కానీ, రష్ మొదటి రికార్డు 1974లో వచ్చింది. బడ్జీది 1971లోనే వచ్చేసింది. దాన్ని రికార్డు చేసింది మన్మత్ దగ్గరి రాక్‌ఫీల్డ్ స్టూడియోలో. ఒక పొలంలోని కట్టడాలనే స్టూడియోగా మార్చారు. క్వీన్ వాళ్లు 'బోహీమియన్ రాప్సడీ' మొదలుపెట్టింది కూడా అక్కడే, 1975లో. ప్రొడ్యూసర్ రాడ్జర్ బేన్. హెవీ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ తొలి మూడు రికార్డులకు పనిచేసిన మనిషి. అందుకే ఆ మొదటి రికార్డులో శబ్దం అంత బరువుగా ఉంటుంది.

ఇక మన సంగతి. అన్నా, నువ్వు సోలో మొదలుపెట్టాక నేను ఒంటరిగా మిగులుతాను. కాబట్టి కీబోర్డు వద్దు, రెండో గిటార్ వద్దు. ముగ్గురితోనే వాయిద్దాం. ఆ ఖాళీ వినిపించినా ఫరవాలేదు, అది ఈ బ్యాండ్ గుణం.

గాత్రం

నేను మాట్లాడాలనుకుంటున్నది గొంతు గురించి. షెల్లీ గొంతు బాగా పై స్థాయిలో ఉంటుంది, మగవాళ్లు పాడితే సాధారణంగా అరుపు అయిపోతుంది. ఆ స్థాయి నాకు హాయిగా అందుతుంది, అందుకే నేను పాడతాను. నేను నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. అయినా ఇక్కడ గమకాలు పెట్టను. ఆయన స్వరం మీద నిటారుగా నిలబడతాడు, అలాగే పాడాలి.

కానీ పాట బ్రెడ్‌ఫ్యాన్ కాకూడదని నా అభిప్రాయం. బ్రెడ్‌ఫ్యాన్ ఉన్న 1973 రికార్డులోనే చివరి పాట 'పేరెంట్స్' వినండి. చిన్నప్పుడు అమ్మానాన్నలు చెప్పిన జాగ్రత్తలు పెద్దయ్యాక గుర్తొచ్చే పాట. ఆ సాయంత్రం మన హాల్లో ముందు వరుసల్లో ఎవరుంటారు? ఊళ్లనుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు. వాళ్ల పక్కన వాళ్ల పిల్లలు. హెవీ రాక్ అంటే వీళ్లకు పడదు అనుకుంటాం గానీ, ఈ పాట నెమ్మదిగా మొదలై మెల్లగా పెరుగుతుంది. ముందు రెండు వాక్యాల్లో అర్థం తెలుగులో చెబితే వాళ్లు తప్పకుండా వింటారు. నాకు ఈ పాట మీద చాలా నమ్మకం ఉంది.

డ్రమ్స్

పేరెంట్స్‌కి నా ఓటు. వేగంగా వాయించడం కన్నా నెమ్మదైన పాటలో బరువు నిలబెట్టడం కష్టం, బడ్జీ తొలి డ్రమ్మర్ రే ఫిలిప్స్ దగ్గర నేర్చుకోవలసింది అదే. ఆయన ఉన్నది మొదటి మూడు రికార్డుల్లోనే. 1975లో 'బాండొలియర్' నాటికి స్టీవ్ విలియమ్స్ వచ్చాడు, లయలో కాస్త ఫంక్ చేరింది. అదీ బాగుంటుంది కానీ నాకు పాతదే ఇష్టం. ఒక్క ఇబ్బంది, పేరెంట్స్ పది నిమిషాలు దాటుతుంది.

సౌండ్

ఇంకెవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. హాల్లో సౌండ్ లిమిటర్ ఉందా? ఇక్కడి కమ్యూనిటీ హాళ్లలో చాలాచోట్ల గోడకి ఒక మీటర్ ఉంటుంది. శబ్దం వాళ్లు పెట్టిన హద్దు దాటి కొన్ని సెకన్లు ఉంటే స్టేజీ సాకెట్లకు కరెంటు కట్ అవుతుంది. పాట మధ్యలో గిటార్ ఆంప్లిఫయర్లు (ఆంప్‌లు) ఆగిపోతే ఎంత టెన్షనో మీకు తెలుసు. దీన్ని ఎక్కువగా రెచ్చగొట్టేది గిటార్ కాదు, డ్రమ్స్. స్నేర్, సింబల్స్ మైకు లేకుండానే హద్దు దాటేస్తాయి. అందుకని తమ్ముడూ, మామూలు స్టిక్స్ బదులు సన్నని పుల్లలు కట్టగా ఉండే రాడ్స్ తెచ్చుకో. కింద మందపాటి కార్పెట్ వేద్దాం. గిటార్, బేస్ ఆంప్‌లు చిన్నవి చాలు, మిగతాది స్పీకర్ల ద్వారా నేను చూసుకుంటాను. ఆంప్‌లను కొంచెం పైకి, వాయించేవాళ్ల చెవుల వైపు తిప్పి పెడితే వాల్యూమ్ పెంచమని ఎవరూ అడగరు.

ఇంకొకటి. వేరేవాళ్ల పాటలు వాయిస్తున్నాం కాబట్టి హాలుకు పాటల హక్కుల కోసం తీసుకునే పీపీఎల్ పీఆర్ఎస్ లైసెన్సు ఉందో లేదో బుకింగ్ చూసేవాళ్లు కనుక్కోవాలి. చాలా హాళ్లకు ఉంటుంది, అయినా అడగడం మంచిది.

పిల్లలు, పెద్దల ఏర్పాట్లు

స్పీకర్లకు ఎదురుగా మొదటి రెండు వరుసలూ ఖాళీగా వదిలి, పెద్దవాళ్లను మూడో వరుస నుంచి కూర్చోబెడదాం. నెలల పిల్లలున్నవాళ్లకు తలుపు దగ్గర కుర్చీలు వేస్తాం. చిన్నపిల్లల చెవులకు పెట్టే డిఫెండర్లు ఇంట్లో ఉన్నవాళ్లు తెచ్చుకోమని ఆహ్వానంలోనే రాద్దాం. బడ్జీ అంటే చిన్న చిలుక కదా, స్టేజీ వెనక కట్టడానికి పిల్లలతో చిలుకలు గీయిస్తాం. రికార్డుల మీద రోజర్ డీన్ వేసిన బొమ్మలు మాత్రం కాపీ చేయవద్దు, అవి ఆయనవి.

గిటార్

పేరెంట్స్ మళ్లీ విన్నాను. పాడే అక్క చెప్పింది నిజం, చివరి సోలో వాయించాలని చెయ్యి లాగుతోంది. సోలోనూ, మిగతా భాగాలనూ బాగా కత్తిరిస్తే ఆరు నిమిషాల్లో ముగించొచ్చు. ఐనా బ్రెడ్‌ఫ్యాన్ లేకుండా బడ్జీని పరిచయం చేయడం నాకు అన్యాయమనిపిస్తోంది.

కార్యక్రమాల సమన్వయం

ఇలా చేద్దాం. పేరెంట్స్ ఉన్న రికార్డులోనే 'యూ నో ఐల్ ఆల్వేస్ లవ్ యూ' అని రెండు నిమిషాల అకూస్టిక్ పాట ఉంది. దాంతో మొదలుపెడితే హాలు సద్దుమణుగుతుంది. తర్వాత పేరెంట్స్, ఆరు నిమిషాలు. సౌండ్‌చెక్‌లో లిమిటర్ ఊరుకుంటే బ్రెడ్‌ఫ్యాన్‌తో ముగించండి. ఊరుకోకపోతే మన తెలుగు పాట ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

యాంకర్లకు ఒక విన్నపం. పరిచయంలో మెటాలికా పేరు చివర్లో రావాలి. ముందు కార్డిఫ్ అనండి, బర్క్ షెల్లీ పేరు చెప్పండి. 2022 జనవరిలో ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 2010లో పోలండ్‌లో జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యేదాకా వాయిస్తూనే ఉన్నారు. 1974లో వాళ్ల 'ఇన్ ఫర్ ది కిల్' బ్రిటన్ చార్టుల్లో 29వ స్థానం దాకా వెళ్లిందని కూడా చెప్పండి. ఊరికే గ్యారేజీలో వాయించుకున్నవాళ్లు కారు.

మన పక్కింటి వెల్ష్ పెద్దలను కూడా పిలుద్దాం. యాభై ఏళ్ల కిందట వీళ్లను చూసినవాళ్లు వాళ్లలో ఉండొచ్చు. ఆహ్వానాలు ఇచ్చే బాధ్యత తీసుకునేవాళ్లు చెప్పండి. లిమిటర్, లైసెన్సు సంగతి హాలువాళ్లతో నేనే మాట్లాడతాను. డ్రమ్స్ కింద వేసే కార్పెట్ ఎవరింట్లోనైనా ఉంటే కొలతలతో ఇక్కడే రాయండి.