ఫ్రిస్కోకి కొత్తగా వచ్చాను, పగలు గడవడం లేదు: డిష్‌వాషర్, టీవీ, సినిమాల గురించి కాస్త చెప్పండి

ప్రశ్న, ఫ్రిస్కో నుంచి:

అందరికీ నమస్కారం. ఆరు వారాల కిందట ఖమ్మం నుంచి ఇక్కడికి, అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి వచ్చాను. మావారికి ఉద్యోగం, నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళ్తే మళ్లీ ఆరు దాటాకే వస్తారు. అపార్ట్‌మెంట్‌లో అన్నీ ఉన్నాయి. డిష్‌వాషర్ మాత్రం ఒక్కసారి కూడా నడపలేదు, చేత్తో కడిగిన గిన్నెలు అందులో ఆరబెడుతున్నాను. "నాలుగు గిన్నెలకి మెషీనెందుకే" అని అమ్మ ఫోన్లో అంటుంది. పగలంతా ఫోన్లో మన సీరియళ్లు, రీల్స్ చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి తల బరువెక్కిపోతోంది. ఇక్కడివాళ్లు ఏం చూస్తారు, అందులో మనకి నచ్చేవి ఏమైనా ఉన్నాయా? ఇంట్లోకి ఏ వస్తువులు నిజంగా పనికొస్తాయి? తెలుగు సినిమా టికెట్ ఎప్పుడూ ఇంత రేటు ఉంటుందా? చిన్న విషయాలే, కానీ ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

జవాబు, ప్లేనో నుంచి:

చెల్లీ, మాది తెనాలి. మీ పక్క ఊరు ప్లేనో వచ్చి పదిహేడేళ్లయింది. నీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు డిష్‌వాషర్. ఇవాళే నడుపు. మనింట్లో అమ్మ చేత్తో తోమింది కాబట్టి మనమూ తోమాలని లోపల ఒక మాట ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, నీకు అంత పట్టకూడదు. 2013 నుంచి ఇక్కడి నియమం ప్రకారం మామూలు సైజు డిష్‌వాషర్ ఒక విడతకి 5 గాలన్లకు మించి నీళ్లు వాడకూడదు. అంటే దాదాపు 19 లీటర్లు. ఒక పూట సామాను కుళాయి కింద కడిగితే అంతకంటే ఎక్కువే పోతాయి. మీ ఇద్దరికీ రోజూ అక్కర్లేదు, రెండు రోజులకోసారి నిండాక నడుపు. అన్నం, పప్పు అడుగంటిన గిన్నెలు కాసేపు నానబెట్టి, మెతుకులు దులిపి పెట్టు. దానికి విడిగా బిళ్లలు అమ్ముతారు, అవే వాడు. మొదట్లో నేను సింకు దగ్గరుండే గిన్నెల సబ్బు పోసేశాను. వంటిల్లంతా నురగ, తుడవడానికి ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ చాల్లేదు. ఇత్తడి, ఇనప మూకుడు, నాన్‌స్టిక్ అందులో పెట్టకు. పసుపు అంటిన ప్లాస్టిక్ డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా పచ్చగానే ఉంటాయి, వంటకి స్టీలు, గాజు వాడుకో.

సింకు కింద చెత్త నలిపే మెషీను ఉంటుంది చూడు, దాంట్లో మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు, మిగిలిన అన్నం వేయకు. పీచు చుట్టుకుంటుంది, అన్నం ముద్దకట్టి పైపులో కూర్చుంటుంది.

మిక్సీ ఇండియా నుంచి తెచ్చుకోవద్దని ఇక్కడికి వచ్చే ప్రతి అమ్మాయికీ చెబుతుంటాను. అక్కడ కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. మా అమ్మ ప్రేమగా కొనిచ్చిన మిక్సీని ఒక చవక కన్వర్టర్‌కి తగిలించాను. మినప్పప్పు సగం నలిగేసరికి కన్వర్టర్లోంచి కాలిన వాసన. ఆ సాయంత్రం నేను ఏడ్చాను కూడా. ప్రీతి మిక్సీలు, అల్ట్రా గ్రైండర్లు ఇక్కడి కరెంటుకి తగ్గట్టు చేసినవి దొరుకుతాయి. గ్రైండర్ ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ, నేను కొన్న వస్తువుల్లో ఇంత సంతోషపెట్టింది ఇంకోటి లేదు. చలికాలంలో పిండి పులవకపోతే ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టి పడుకో. పొద్దునకి పొంగి ఉంటుంది. ఎండాకాలం అక్కర్లేదు, డాలస్ వేడికి అదే పులుస్తుంది.

పోపు వేసేటప్పుడు పొయ్యి పైనున్న ఫ్యాన్ ముందే వేసుకో. ఎండుమిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగితే కంగారుపడకు, కిటికీ తీసి తువ్వాలుతో విసురు. దాని బ్యాటరీ మాత్రం తీసేయకు, ప్రాణానికి సంబంధించిన వస్తువు అది. ఇంకో మోత కూడా ఉంది. డాలస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు టోర్నడో, అంటే పెద్ద సుడిగాలి వస్తోందని హెచ్చరించే సైరన్లు పరీక్షిస్తారు. నేను మొదటిసారి విన్నప్పుడు స్నానాల గదిలోకి పరిగెత్తి మావారికి ఫోన్ చేశాను. బుధవారం, మధ్యాహ్నం, ఆకాశం నిర్మలంగా ఉంటే అది పరీక్షే. మబ్బు పట్టి ఉన్నప్పుడు మోగితే మాత్రం నిజంగానే లోపలి గదిలోకి వెళ్లాలి.

ఇక రోజు గడవడం సంగతి. నువ్వున్న ఊళ్లో నాకు చాలా ఇష్టమైన చోటు ఫ్రిస్కో లైబ్రరీ. 2023లో కొత్త భవనంలోకి మారింది. లోపలికి వెళ్లగానే టైరనోసారస్ డైనోసార్ అస్థిపంజరం నమూనా ఒకటి నిలబడి ఉంటుంది, దాని పేరు రెక్సీ. కార్డుకి డబ్బులు లేవు, మీ అడ్రసు చూపించే కాయితం, గుర్తింపు కార్డు తీసుకెళ్తే చాలు. ఆ కార్డుతో లిబ్బీ అనే యాప్‌లో ఆడియో పుస్తకాలు ఉచితంగా వస్తాయి. కూరలు తరుగుతూ నేను విన్నన్ని పుస్తకాలు చేత్తో పట్టుకుని చదవలేదు. నెలనెలా రెండు మూడు ఓటీటీలకు డబ్బు కట్టే ముందు ఈ కార్డు తెచ్చుకో. ఓటీటీ కావాలంటే ఒక్కటే పెట్టుకుని, అందులో చూడాల్సింది చూశాక ఆపేసి ఇంకోటి తీసుకో. అన్నీ ఒకేసారి ఉంటే ఏం చూడాలో వెతకడంతోనే రాత్రి అయిపోతుంది.

టీవీలో ఇక్కడివాళ్లు చూసేవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది జెపర్డీ అనే క్విజ్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ అరగంట. జవాబు వాళ్లే చెబుతారు, మనం ప్రశ్న చెప్పాలి. 1984 నుంచి 2020లో చనిపోయేదాకా అలెక్స్ ట్రెబెక్ నడిపారు. ఇప్పుడు నడిపేది కెన్ జెన్నింగ్స్, 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన మనిషి. మొదటి నెల నాకు ఒక్కటీ తెలియలేదు. రాష్ట్రాల రాజధానులు, అధ్యక్షుల పేర్లు, ఇక్కడి పాత పాటలు, అన్నీ అక్కడే చెవిన పడ్డాయి. ఆర్నెల్లకి మావారి కంటే ముందు చెప్పడం మొదలుపెట్టాను! ఇంగ్లీషు అక్షరాలు కింద వచ్చేలా పెట్టుకుని చూడు, ఉచ్చారణ అలవాటవుతుంది. దీనికి కేబుల్ కూడా అక్కర్లేదు, చిన్న యాంటెనా కొని టీవీకి తగిలిస్తే స్థానిక చానెళ్లు ఉచితంగా వస్తాయి.

సినిమాల మాట. నువ్వు చూసిన రేటు ప్రీమియర్ షోది అయి ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో మనకీ ఇండియాకీ తేడా పదకొండున్నర గంటలు. ఇక్కడ సాయంత్రం ఆరింటి ఆట అంటే అక్కడ మర్నాడు తెల్లవారుజామున అయిదున్నర. ఊళ్లో వాళ్లతో పాటే, ఒక్కోసారి వాళ్లకంటే ముందే చూస్తున్నామన్న సరదాకి కట్టే డబ్బు అది. ఏడాదికి ఒకటి, నీకు బాగా ఇష్టమైన హీరోది అలా చూడు. ఆ ఈలలు, ఆ అరుపులు వింటే పరాయి దేశంలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాం, దానికి పెట్టిన డబ్బు నాకెప్పుడూ దండగ అనిపించలేదు. మిగతావి రెండో వారం చూడు. సినిమార్క్ థియేటర్లలో మంగళవారం టికెట్ తగ్గింపు ఉంటుంది. కొత్త సినిమాకి ఒక్కోసారి వర్తించదు, బుక్ చేసే ముందు రేటు చూసుకో. వాళ్ల క్లబ్బులో చేరితే నెలకి ఒక టికెట్ వస్తుంది, ఆ నెల చూడకపోతే పై నెలకి నిలవ ఉంటుంది. మనలాగా పండగకో సినిమా చూసేవాళ్లకి అది సరిపోతుంది. ఒక్క మాట, హాల్లో కాయితం ముక్కలు ఎగరేయడం నాకు అసలు నచ్చదు. ఆట అయ్యాక అవి ఏరేది చీపురు పట్టుకున్న ఒక కాలేజీ కుర్రాడు. ఒకసారి నేనూ మా అమ్మాయీ మా వరస వరకు ఏరి వచ్చాం.

కాస్ట్‌కో అనే పెద్ద కొట్టులో హాట్‌డాగ్, కూల్‌డ్రింక్ కలిపి ఒకటిన్నర డాలరు. 1980ల నుంచీ అదే ధర. చవకగా ఉందని తీసుకునేవు, అది గొడ్డుమాంసం. మీరు తినకపోతే ముందే తెలిసి ఉండటం మంచిది. అక్కడ కొన్నది నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు, నిజంగా పనికిరాని వస్తువైతే మొహమాటపడకుండా ఇచ్చేయ్. అమ్మావాళ్లు వచ్చినప్పుడు పరుపు కొని, వాళ్లు వెళ్లాక తిరిగిచ్చేవాళ్లని చూశాను. అది తప్పు. మనల్ని నమ్మి ఇచ్చిన వెసులుబాటు అది.

అక్టోబరు 31న మిఠాయిలు కొని ఉంచుకో. హాలోవీన్ అంటే దయ్యాల పండగ కదా మనకెందుకు అనుకున్నాను మొదట్లో. వాకిట్లో లైటు వేసి ఉంటే రావచ్చని పిల్లలకి గుర్తు. బొమ్మల కొలువు రోజుల్లో మేం తెనాలిలో ఇల్లిల్లూ తిరిగి శనగలు తెచ్చుకున్నట్టే, వీళ్లు బుట్టలు పట్టుకుని వస్తారు. మా పక్కింటి ఆవిడతో నేను మొదటిసారి మాట్లాడింది ఆ రాత్రే.

చివరిగా, డ్రైవింగ్ వాయిదా వేయకు. టెక్సాస్‌కి వచ్చాక మన దేశం లైసెన్సుతో నడపగలిగేది 90 రోజులే, నీకు ఆరు వారాలు అప్పుడే అయిపోయాయి. కారు చేతికొచ్చిన రోజు నుంచి ఈ ఊరు వేరేగా కనిపిస్తుంది. ఆ రోజు దాకా టీవీ, లైబ్రరీ యాప్ తోడుంటాయి.

జవాబు, ఇర్వింగ్ నుంచి:

చెల్లెమ్మా, మాది వరంగల్. అక్క అన్నీ చెప్పారు, ఆటల గురించి నేను చెప్తా. మీవారికి క్రికెట్ పిచ్చి ఉంటే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం మీకు దూరం కాదు. 2023 నుంచి మేజర్ లీగ్ క్రికెట్ ఆటలు అక్కడ జరుగుతున్నాయి, టెక్సాస్ సూపర్ కింగ్స్ మన టీమ్. 2024 జూన్ 6న టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా, పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. సూపర్ ఓవర్ వేసింది సౌరభ్ నేత్రావల్కర్, ముంబైలో పుట్టి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మనిషి. ఆఖరి బంతి పడ్డాక పక్కన కూర్చున్న తెలియని మనిషిని కౌగిలించుకున్నా. ఆయన గుంటూరు అట.

కానీ నా సలహా, బేస్‌బాల్‌కి కూడా ఒకసారి పొండి. ఆర్లింగ్టన్‌లో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో కట్టారు. పైకప్పు మూసి ఏసీ వేస్తారు కాబట్టి జూలై ఎండలో కూడా హాయిగా ఉంటది. మన టెక్సాస్ రేంజర్స్ 2023లో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్ పోటీ గెలిచారు. ఒక్కో జట్టుకి తొమ్మిది విడతలు, ముగ్గురు ఔటైతే విడత అయిపోయినట్టు, అది తెలిస్తే మిగతాది చూస్తుంటే వస్తది. 2023లోనే బంతి ఇంత సమయంలో వేయాలని గడియారం పెట్టారు, దానివల్ల ఆట ఎక్కువసార్లు మూడు గంటల్లోపే అయిపోతది. గ్యాలరీలోకి వచ్చిన బంతి పట్టుకుంటే మనమే ఇంటికి తెచ్చుకోవచ్చు! వారం మధ్యలో పై వరస టికెట్లు సినిమా ప్రీమియర్ కంటే చవక. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ కంటే ఇదే తొందరగా దగ్గరవుతదని నా నమ్మకం.

ఆస్టిన్ వైపు కారులో పోతే టెంపుల్ అనే ఊరి దగ్గర బకీస్ దగ్గర ఆగండి. పెట్రోలు బంకే, కానీ బాత్రూములు ఎంత శుభ్రంగా ఉంటాయంటే మా అమ్మ ఊరికి పోయాక అందరికీ ముందు చెప్పింది వాటి గురించే. పులిహోర ఇంటినుంచి తీసుకపోండి, కాఫీ అక్కడ కొనుక్కోండి.

తిరిగి, ఫ్రిస్కో నుంచి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. నిన్న రాత్రి బిళ్ల వేసి డిష్‌వాషర్ మొదటిసారి నడిపాను. అయిపోయేదాకా దాని ముందే కూర్చున్నాను. గ్లాసులు మెరిసిపోతున్నాయి, ఫోటో తీసి అమ్మకి పంపాను. శనివారం లైబ్రరీకి తీసుకెళ్తానన్నారు మావారు, రెక్సీని చూసి వస్తాం. ఒక్క సందేహం అక్కా, ఇడ్లీ ప్లేట్లు అందులో పెట్టొచ్చా?

జవాబు, ప్లేనో నుంచి:

స్టీలువైతే నిక్షేపంగా పెట్టు తల్లీ. కాసేపు నానబెట్టి, గుంటలు కిందకి ఉండేలా నిలబెట్టు, లేకపోతే నీళ్లు నిలుస్తాయి. అల్యూమినియంవైతే వద్దు, నల్లబడతాయి. అమ్మ ఏమందో రాయి.