గోడలేని వంటగదిలో వంటవాడు ఎటు చూడాలి?

తెనాలి గరిటె (ప్రశ్న):

ఇళ్లకు వెళ్లి వంట చేసేవాళ్లను అడుగుతున్నాను. చేయించుకునేవాళ్లు చెప్పినా వింటాను.

ఇరవై ఏళ్లు పెళ్లి వంటలు చేశాను. గాడిపొయ్యి మీద 500 విస్తళ్లకు పప్పుచారు కాచిన చేయి ఇది. మూఢంలో చేతినిండా ఖాళీ, మాఘంలో కంటికి నిద్ర ఉండదు. 2020లో పెళ్లికి 50 మందికి మించకూడదన్నప్పుడు మా మేస్త్రీ చేతులెత్తేశాడు. నేను హైదరాబాదు వచ్చి కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఇళ్లు పట్టుకున్నాను. ఇప్పుడు మూడిళ్లు. జీతానికి లోటు లేదు, వంటకు పేచీ లేదు. నా ఇబ్బంది వేరే.

పెళ్లి వంటవాడికి పెళ్లి కనిపించదు. పొయ్యి ఎప్పుడూ పందిరి వెనకే. మేళం ఒక్కసారిగా గట్టిగా మోగితే తాళి కట్టారన్నమాట, ఇక బూరెలు నూనెలో వేయవచ్చు. అదే మాకు తెలిసిన ముహూర్తం. ఇన్నేళ్లలో నేను దగ్గరనుంచి చూసిన మూడు ముళ్లు నా పెళ్లిలో నేను వేసినవే.

ఈ కొత్త అపార్ట్‌మెంట్లలో వంటగదికి గోడ ఉండదు. పొయ్యి, దాని ముందు నల్లరాతి గట్టు, గట్టు అవతల భోజనాల బల్ల. నేను ఇవతల వంకాయలు కోస్తుంటే అవతల ఆ ఇంటివాళ్ల బతుకంతా నడిచిపోతుంది.

ఒక ఇంట్లో తండ్రి రాత్రంతా కంప్యూటర్ ముందు పనిచేసి, పొద్దున్నే కూతురికి జడలు వేస్తాడు. తల్లికి వేరే ఊళ్లో ఉద్యోగం. ఆ రెండు జడలూ ఏనాడూ ఒక ఎత్తున రావు. పిల్ల బడికి బయలుదేరుతూ గట్టు దగ్గరికి వచ్చి, "మామయ్యా, సమంగా ఉన్నాయా?" అని అడుగుతుంది. వెనక తండ్రి దువ్వెన పట్టుకుని నాకేసి చూస్తుంటాడు. "తూచినట్టున్నాయమ్మా" అంటాను. అంతవరకు నాకు చేతనవుతుంది.

చేతకానిది రెండో ఇంట్లో. పెద్దవాళ్లిద్దరే ఉంటారు. ఆయనకు మతిమరుపు జబ్బు. ఆవిడకు చేతులు వణుకుతాయి, గరిటె నిలవదు. ఆయన భార్య చేతి వంట తప్ప ముట్టడు. మొదటి రోజు నా చారు ఒక్క గుక్క తాగి, "ఇది హోటలు చారు" అని గ్లాసు పక్కకు నెట్టాడు. నాకు రోషం వచ్చిన మాట నిజం. మర్నాడు అమ్మగారు పొయ్యి దగ్గర నిలబడి పోపు పెట్టించారు. ఆవాలు చిటపటమన్నాయి, మెంతులు ఎర్రబడ్డాయి, నేను దించబోయాను. "ఉండు నాయనా" అన్నారు. ఎండుమిరపకాయ ముదురు రంగుకు తిరిగింది. "ఇంకా" అన్నారు. దాని అంచు నల్లబడి ఘాటు ముక్కుకెక్కి నాకు దగ్గు వచ్చాక, "ఇప్పుడు" అన్నారు. పెళ్లిలో ఇలా మాడిస్తే మా మేస్త్రీ గరిటె తిరగేసి కొట్టేవాడు. పెద్దాయన మాత్రం ఆ చారు రెండుసార్లు పోయించుకున్నాడు. యాభై ఏళ్లుగా ఆయనకు చారంటే ఆ మాడు వాసనే.

అప్పటినుంచి పోపు గరిటె ఆవిడే పట్టుకుంటారు, నేను కింద చేయి పెట్టి మోస్తాను. "ఎవరు చేశారు?" అని ఆయన ప్రతిరోజూ అడుగుతాడు. "నేనే" అంటారు ఆవిడ. అబద్ధం కాకూడదని ఆ గరిటె ఏర్పాటు.

ఆ తరువాత ఆవిడ అన్నం కలిపి ముద్ద ఎత్తుతారు. చేయి వణికి మెతుకులు రాలతాయి. ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని, ఆ ముద్ద కదలకుండా, తనే నోటి దగ్గరికి తెచ్చుకుంటాడు. రోజూ అంతే. ఎవరు ఎవరికి తినిపిస్తున్నారో చెప్పలేను.

పదిరోజుల క్రితం నేను జల్లిగంటె చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను. ఆవిడ చటుక్కున తల తిప్పి నన్ను చూశారు. కోపగించుకోలేదు. చేయి మాత్రం వెనక్కి తీసుకున్నారు. ఆయన సగంలోనే లేచిపోయాడు. ఆ పూట ఆయన తిండి పాడుచేసింది నా చూపే.

గోడ లేదు, తలుపు లేదు, పొయ్యి మీద కూర ఉంటుంది. అలాంటప్పుడు మీరు ఎటు చూస్తారు? ఏం చేస్తారు?

పోపులడబ్బా:

అన్నా, విజయవాడలో నాలుగిళ్లు చేస్తున్నాను. ఎటు చూసినా ఫరవాలేదు, చప్పుడు మాత్రం ఆపకూడదు. మన పని చప్పుడు ఆగితేనే వాళ్లకు మనం ఉన్నామని గుర్తొస్తుంది. అరచేతిలో పట్టేంత రాతి రోలు ఒకటి గట్టు మీద పెట్టుకోండి. వాళ్లు మాటల్లో పడ్డారనుకోగానే నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి దంచండి. మిక్సీ వద్దు, దాని మోతకు వాళ్ల మాట ఆగిపోతుంది. దంచుడు అలా కాదు, వానలా ఒక పక్కన పడుతూ ఉంటుంది.

ఇంకొక మాట, ఏమీ అనుకోవద్దు. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పనని మనమంతా గొప్పగా చెప్పుకుంటాం. మీరు ఇక్కడ ఊరందరికీ చెప్పేశారు.

తెనాలి గరిటె:

నిజమే చెల్లెమ్మా. గుర్తుపట్టకుండా ఉండాలని పేటలూ జడలూ కొంచెం అటూ ఇటూ చేశాను. చారు మాత్రం మార్చలేకపోయాను.

గుండిగ:

జీతం తీసుకున్నామా, వండామా, గిన్నెలు సర్దామా, వచ్చామా. ముప్పై ఏళ్లుగా నేను చేసింది అదే. ఎవరు ఎవరికి తినిపిస్తే మనకెందుకు?

మూడో అంతస్తు:

నేను చేయించుకునే వైపు మనిషిని. మా అమ్మ పోయిన నెలకు అనుకుంటాను, ఫ్రిజ్‌లో అడుగున ఆవిడ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసా దొరికింది. మూత మీద కాగితం అంటించి తేదీ రాసి ఉంది, ఆవిడ రాతే. నాన్నగారు దాన్ని పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎవరం ఏమీ మాట్లాడలేదు. మా వంటావిడ పొయ్యి కట్టేసి, "కరివేపాకు అయిపోయిందమ్మా, కిందికి వెళ్లి కోసుకొస్తాను" అని వెళ్లిపోయింది. అరగంట దాకా రాలేదు. కరివేపాకు కట్ట గట్టు మీదే ఉంది, ముగ్గురికీ కనిపిస్తోంది.

ఆమె తిరిగి వచ్చేసరికి మేం ముఖాలు కడుక్కున్నాం. తెచ్చిన రెమ్మను పాత కట్టమీదే పెట్టింది. ఆ నెల జీతంతోపాటు ఏదైనా ఇవ్వాలనిపించింది, కాని దేనికని చెప్పి ఇవ్వాలి? ఊరుకున్నాను.

గుండిగ గారూ, మీరు పనిచేసిన ఇళ్లలో కూడా మిమ్మల్ని గమనించినవాళ్లు ఉండే ఉంటారు.

రాత్రి డ్యూటీ:

పెద్దవాళ్లను చూసుకునే పని నాది, ఎక్కువగా మతిమరుపు ఉన్నవాళ్లను. కరివేపాకు ఉపాయం మిగతా ఇళ్లలో మంచిదే, ఆ ఇంట్లో మాత్రం వద్దు. మీరు ఉన్నట్టుండి మాయమై, మళ్లీ తలుపు తీసుకుని వస్తే ఆయనకు ప్రతిసారీ ఒక కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టే. ఆయన ఉలిక్కిపడితే ఆవిడకు ఇంకా కష్టం. రోజూ ఒకే చోట నిలబడండి, ఒకే రంగు తుండుగుడ్డ వేసుకోండి. వెనకనుంచి పలకరించవద్దు, ఎదురుగా వచ్చి మెల్లగా మాట్లాడండి. "నేనెవరినో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టవద్దు, చుట్టాలంతా చేసే తప్పు అదే. ఆయన ఏ కాలంలో ఉండి అడిగితే ఆ కాలంలోనే జవాబు చెప్పండి. సరిదిద్దవద్దు.

చూపు సంగతి అంటారా, చూస్తే చూశారు. నిలబడిపోయి చూడకండి, అంతే. చేతిలో పని ఉంటే చూపు బరువు తగ్గుతుంది.

తెనాలి గరిటె:

అందరికీ నమస్కారం. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

రోలు కొన్నాను. వారం రోజులు అన్ని ఇళ్లలోనూ వెల్లుల్లి ఎక్కువైపోయింది. జడల పిల్ల పప్పు గిన్నె దగ్గర ముక్కు మూసుకుంది. ఇప్పుడు జీలకర్ర, మిరియాలు దంచుతున్నాను. అవసరం లేకపోయినా దంచుతున్నాను.

పెద్దవాళ్ల ఇంట్లో మాత్రం నిలబడే చోటు మార్చలేదు. ఎర్ర తుండుగుడ్డ ఒక్కటే రోజూ ఉతికి వేసుకుంటున్నాను. మొన్న చారు మరిగాక అమ్మగారు వచ్చి పోపు గరిటె పట్టుకున్నారు, నేను కింద చేయి పెట్టాను. పెద్దాయన బల్ల దగ్గరనుంచి లేచి గట్టు దగ్గరికి వచ్చాడు. నా భుజం మీది తుండుగుడ్డకేసి చూశాడు.

"వంట ఎంతదాకా వచ్చిందయ్యా?" అన్నాడు.

ఆయన నన్ను పలకరించడం అదే మొదలు. "అయిపోయిందండి, పోపు పెడితే సరి" అన్నాను.

"విస్తళ్లు ఎన్ని?"

ఏ పెళ్లిలో ఉన్నాడో ఏమో. ఇరవై ఏళ్లుగా పెళ్లి పెద్దలు నన్ను అడిగిన ప్రశ్నే అది, జవాబు నోటికి అలవాటే. "రెండేనండి" అన్నాను.

ఆయన బల్లకేసి తిరిగి, లెక్క సరిచూసుకున్నట్టు చూశాడు. "మరి వంటవాళ్లకు?" అన్నాడు.

అమ్మగారు నవ్వారు. గరిటె ఇద్దరి చేతుల్లోనూ ఊగింది. ఆ సందట్లో మిరపకాయ నల్లబడే దశ దాటి బొగ్గయింది, "ఇప్పుడు" అనేవాళ్లు లేకపోయారు. ఆ చారు నిజంగానే మాడిన చారు. ఆయన రెండుసార్లు పోయించుకున్నాడు. నాకూ ఒక గ్లాసు పోశారు, గట్టుకు ఇవతల నిలబడి తాగాను.