కప్పు కొట్టిన మూడు రోజులకే కింద డివిజన్‌కి పోవడం ఏంటి బాస్?

నిద్రపట్టని నాని:
రాత్రి ఫోన్‌లో పాత మ్యాచ్‌లు చూస్తుంటే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో 2013 ఎఫ్ఏ కప్ ఫైనల్ హైలైట్స్ తగిలింది. విగన్ అంట, పేరు కూడా వినలేదు నేను, వాళ్లు మాంచెస్టర్ సిటీని 1-0తో కొట్టేశారు. భలే ఉందే అనుకుని చదువుతుంటే మూడు రోజుల తర్వాత అదే విగన్ టాప్ డివిజన్ ప్రీమియర్ లీగ్ నుంచి రెలిగేట్ అయిందని, అంటే కిందకి దిగిపోయిందని ఉంది. నాది ఐపీఎల్ బుర్ర, కప్పు కొట్టినోడే ఛాంపియన్ కదా, మరి ఛాంపియన్‌ని కిందకి తోసెయ్యడం ఏంటి? ఇంకోటి, మీరే విగన్ ఫ్యాన్ అయితే కప్పు కావాలంటారా, లీగ్‌లో ఉండటమా?

వాల్తేరు వాసు:
రెండూ వేరే వేరే పోటీలు తమ్ముడూ. లీగ్ అంటే 38 మ్యాచ్‌లు, చివరి మూడు టీమ్‌లు దిగిపోతాయి. ఎఫ్ఏ కప్‌లో ఊరి చివర చిన్న గ్రౌండ్‌లో ఆడుకునే క్లబ్బుల దగ్గర్నుంచి 700 పైన టీమ్‌లు ఉంటాయి, ఎవరికి ఎవరు తగులుతారో డ్రా తియ్యాల్సిందే, ఓడితే ఇంటికే. అంటే వరసగా ఆరేడు మంచి రోజులు దొరికితే చాలు, సీజనంతా బాగా ఆడక్కర్లేదు. విగన్‌కి ఆ రోజులన్నీ కప్‌లోనే పడ్డాయి. క్వార్టర్ ఫైనల్లో ఎవర్టన్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 3-0, ఆ మూడు గోల్సూ ఐదు నిమిషాల్లోపే. రెలిగేషన్ మనకి కొత్తేం కాదులే, 2022-23 రంజీలో మన హైదరాబాద్ కింద ఉండే ప్లేట్ గ్రూప్‌కి దిగిపోలా?

నైట్‌షిఫ్ట్ నర్సిమ్మ:
వాసన్నా హైదరాబాద్ ముచ్చట ఎందుకు తీసినవ్ 😭 అయినా మల్లా ఏడాదే ప్లేట్ గెలిచి పైకొచ్చినం, అది గూడ చెప్పాలె.

నేను ఆ ఫైనల్ లైవ్ చూసిన. మన టైంకి రాత్రి పావు తక్కువ పదికి షురూ అయింది, విగన్ సంగతి తెల్వదు నాకు, సిటీ గెలుస్తది పండుకుందాం అని కూసున్న. గని ఆ మెక్‌మనమన్ అనే విగన్ పోరడు సిటీ డిఫెన్స్‌ని సతాయిస్తుండు చూడు, బాల్ దొరికితే చాలు ఉరుకుడే. ఆఖరికి 84వ నిమిషంల సిటీ డిఫెండర్ జబలేటా వాణ్నే పడగొట్టి రెండో ఎల్లో కార్డ్ తిని బయటికి పోయిండు. 90 దాటినంక విగన్‌కి కార్నర్, మలోనీ కొట్టిండు, బెన్ వాట్సన్ నియర్ పోస్ట్ దగ్గరికి ఉరికొచ్చి తల పెట్టిండు, గంతే, సిటీ గోల్‌కీపర్ హార్ట్ చూస్తనే ఉన్నడు బాల్ లోపల. ఆ వాట్సన్‌కి నవంబర్‌లనే కాలు విరిగింది, ఫైనల్‌ల దిగిందే 81వ నిమిషంల. నేను లేసి ఒర్లితే అమ్మ వచ్చి లైట్ బంద్ చేసింది.

మాంచెస్టర్ మావ:
ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, విగన్ మాకు రైల్లో గంట లోపే. అసలు రగ్బీ ఊరు అది. ఆఫీస్‌లో నా టీమ్‌లో విగన్ ఆయనొకాయన ఉన్నాడు, సరిగ్గా నాని అడిగిందే ఒకసారి నేనూ అడిగా, నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు, "కప్పే" అన్నాడు, టీ తాగడం కూడా ఆపలేదు.

డబ్బు లెక్కలో చూస్తే ఆయనదే పిచ్చి. ఫైనల్ గెలిస్తే వచ్చేది రెండు మిలియన్ పౌండ్లు కూడా లేదు, మరుసటి సీజన్లో ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున ఉన్న కార్డిఫ్‌కే 60 మిలియన్ల పైన వచ్చింది. కానీ విగన్ అప్పటి ఓనర్ డేవ్ వీలన్ సంగతి తెలుసా? 1960 ఎఫ్ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌బర్న్‌కి ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు, అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, మిగతా పదిమందే ఆడి 3-0తో ఓడారు. 53 ఏళ్ల తర్వాత, ఆ ఫైనల్ జరిగిన చోటే కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో తన టీమ్ ముందు తనే నడుచుకుంటూ గ్రౌండ్‌లోకి వచ్చాడు. దానికి రేటు ఎంత కడతావ్ చెప్పు?

వాల్తేరు వాసు:
మావా, సెంటిమెంట్ బాగానే ఉంది గానీ ఆ తర్వాత ఆ క్లబ్ ఎన్ని తిప్పలు పడిందో కూడా చెప్పు. ఇంకో డివిజన్ కిందకి పోయారు, 2020లో దివాలా అంచుకొచ్చి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లి 12 పాయింట్లు కోత పడి మళ్లీ దిగారు. నేనైతే లీగే అంటా.

నైట్‌షిఫ్ట్ నర్సిమ్మ:
నువ్వు బ్యాంకోనివి అన్నా, గట్లనే అంటవ్ 😂 2014ల మల్లా కప్పు క్వార్టర్ ఫైనల్‌ల సిటీ గ్రౌండ్‌కి పోయి 2-1 కొట్టిండ్రు, అప్పుడు వీళ్లు కింది డివిజన్, యాదికుందా?

నిద్రపట్టని నాని:
అర్థమైంది అందరికీ థ్యాంక్స్. విగన్ రెలిగేట్ అయిన మ్యాచ్, ఆర్సెనల్‌తో ఆడింది, అది కూడా చూశా ఇప్పుడే, హాఫ్ టైమ్‌కి 1-1, ఆ మలోనీనే ఫ్రీ కిక్ వేశాడు, తర్వాత ఎనిమిది నిమిషాల్లో మూడు గోల్స్ తిని 4-1తో ఓడిపోయారు. టైం మూడున్నర అయింది, ఆ 2014 మ్యాచ్ ఎక్కడ దొరుకుద్ది నర్సిమ్మన్నా?