హోమియో మందుల్లో 30 కన్నా 200 నిజంగా బలమైనదా?

గాజుసీసా:
బుడ్డి మీద అంకె, అంటే పొటెన్సీ, పెరిగితే మందు ఘాటు పెరిగిందనుకుంటారు చాలామంది. ముందు తయారీ చూడండి. మదర్ టింక్చర్ (మూలపదార్థం నుంచి తీసిన తొలి సారం) ఒక వంతుకి ఆల్కహాల్, నీళ్ల మిశ్రమం 99 వంతులు కలిపి గట్టిగా కుదిపితే 1సి. అందులో ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో వేసి కుదిపితే 2సి. ఎక్స్ వరుసలోనైతే ఒకటికి తొమ్మిదే. అంకె పక్కన అక్షరం లేకపోతే మామూలుగా సి అనే అర్థం. మా లెక్కలో పొటెన్సీ అంటే పలచన ఒక్కటే కాదు, మెట్టు మెట్టుకీ పడ్డ కుదుపులు కూడా. 200ని హై పొటెన్సీ అనేది అందుకే.

లెక్కలపిచ్చి:
ఆ మెట్లే లెక్కేద్దాం. 12సి అంటే 10²⁴ వంతుల్లో ఒకటి. ఒక మోల్‌లో (పదార్థాన్ని కొలిచే ప్రమాణం) ఉండే అణువులు 6.022 × 10²³. మోల్ మొత్తంతో మొదలుపెట్టినా, 12సి దగ్గర అంతే పరిమాణం ద్రావణంలో సగటున ఒక్క అణువు కూడా మిగలదు. 24ఎక్స్‌దీ అదే పలచన. 30సికి అది 10⁶⁰. ఇక 30కీ 200కీ తేడా దేంట్లో? రెండిట్లోనూ మిగిలింది ద్రావకమే. పైగా గాజులోంచి దిగే సిలికా ప్రతి మెట్టులోనూ ఉంటుంది. కుదుపులు దానికీ పడ్డాయిగా, దాని పొటెన్సీ ఎందుకు పెరగలేదండీ?

గాజుసీసా:
ద్రావకంలో ముందునుంచీ ఉన్నది తటస్థం. మనం వేసిందే ముద్ర వేస్తుందని మా సిద్ధాంతం.

లెక్కలపిచ్చి:
సిలికాని సైలీషియా పేరుతో మీరే మందుగా ఇస్తారు కదా! అది ఎప్పుడు తటస్థం, ఎప్పుడు మందు?

పాలచక్కెర:
మీ గొడవంతా పై మెట్ల మీద. ఒంటికి ముప్పు కింది మెట్లలో ఉంది. ఆర్సెనిక్ విషంతో చేసే ఆర్సెనికం ఆల్బం 3ఎక్స్ అంటే వెయ్యో వంతు. 100 మిల్లీగ్రాముల మాత్రలో 0.1 మిల్లీగ్రాము ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. పూటకు నాలుగు చొప్పున మూడు పూటలా వేస్తే రోజుకి 1.2 మిల్లీగ్రాములు, అందులో ఆర్సెనిక్ సుమారు 900 మైక్రోగ్రాములు. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. రెండు లీటర్లు తాగినా 20. "హోమియోనేగా, ఎన్ని వేసినా ఏం కాదు" అనే మాట ఇక్కడ చెల్లదు. 6ఎక్స్ బదులు 6సి అనుకున్నా పలచనలో పది లక్షల రెట్లు తేడా.

ఇంకోటి. కరగని పదార్థాన్ని పాలచక్కెరతో కల్వంలో నూరతారు. నూరుడు సమంగా లేకపోతే ఒక మాత్రలో ఎక్కువ, పక్కదాంట్లో తక్కువ పడుతుంది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పసిపిల్లలకి పళ్లొచ్చేటప్పుడు ఇచ్చే హోమియో మాత్రలు పరీక్షిస్తే, కొన్నిట్లో బెల్లడోనా అనే విషమొక్క సారం లేబుల్ మీద రాసినదానికన్నా చాలా ఎక్కువ తేలింది.

గాజుసీసా:
3ఎక్స్ ఆర్సెనిక్ సొంతంగా వాడకూడదన్న మాటకి తిరుగులేదు. 200 సంగతి వేరు.

పాలచక్కెర:
ఏ 200? హోమియోని మొదలుపెట్టిన హానిమన్ పద్ధతిలో మెట్టుకో కొత్త సీసా. కోర్సకాఫ్ పద్ధతిలో ఒకటే సీసా: ఒంపేసి, గోడకి అంటుకున్నది వందో వంతు అనుకుని మళ్లీ నింపడమే. ఆ తడి సీసా వెడల్పుని బట్టి, ఒంపే తీరుని బట్టి మారుతుంది, ఎవరూ తూచరు. లేబుల్ మీద సీహెచ్ (హానిమన్) ఉందో సీకే (కోర్సకాఫ్) ఉందో చూసి అప్పుడు వాదించుకోండి.